కండువా రంగు మార్చడానికి నాలుగు నిమిషాలు

మా మేనల్లుడి పంచెకట్టుకి బ్యానర్ వేయిద్దామని భీమిలిలో ఒక ప్రింటింగ్ షాపుకి వెళ్ళాను. పేరు చెప్పను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. పని నీట్‌గా ఉంటుంది, రేటు తక్కువ, చెప్పిన టైముకి మాత్రం ఇవ్వరు. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ నాలుగులో ఒకటి అక్కడ కూర్చున్న రెండు గంటల కాలక్షేపానికే.

ఓనరు ఒకప్పుడు గోడ రాతల ఆర్టిస్టు. 1999లో గంటా శ్రీనివాసరావు తెలుగుదేశం తరఫున అనకాపల్లి ఎంపీకి నిలబడ్డప్పుడు రాత్రిళ్ళు సైకిల్ బొమ్మలు వేసేవాడట, చక్రాలు గుండ్రంగా రావాలని గోడకి మేకు కొట్టి దానికి దారం కట్టి బ్రష్షు తిప్పేవాడట. ఆ మేకు చూపుడువేలికి చేసిన మచ్చ కూడా చూపించాడు. ఇప్పుడు బ్రష్షు లేదు, ఫోటోషాపు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించాక గుడ్డ బ్యానర్లు కూడా మొదలుపెట్టారు, మేమూ గుడ్డదే చెప్పాం.

ఆ కుర్రాడు మా ఫోటోలు ఎక్కించడానికి కంప్యూటర్ తెరిస్తే పక్కన ఫోల్డర్లు కనబడ్డాయి. నాయకుల పేర్లతో ఉంటాయనుకుంటాం కదా, కాదు, గుర్తులతో ఉన్నాయి. సైకిల్, రైలింజను, చెయ్యి, ఫ్యాను, గాజుగ్లాసు. ఒకే మొహం మూడు చోట్ల. "ఫోటో అదే సార్, కండువా లేయర్ విడిగా పెట్టుకుంటాం, రంగు కొడితే నాలుగు నిమిషాల పని" అన్నాడు, పూరీలోకి కూర వడ్డించినంత మామూలుగా.

గంటా ఫోల్డర్ అడిగి మరీ తీయించాను, జిల్లాలో ఈ పార్టీలు మారే సబ్జెక్టుకి ఆయన్ని మించినవాళ్ళు తక్కువ. 2004లో చోడవరం ఎమ్మెల్యే, అప్పటికి అదే సైకిల్. చిరంజీవి ప్రజారాజ్యం పెట్టాక అటు వెళ్ళి 2009లో రైలింజను గుర్తు మీద అనకాపల్లిలో కొణతాల రామకృష్ణని ఓడించారు. 294 సీట్లలో ఆ పార్టీకి వచ్చినవే 18. 2011లో పార్టీయే కాంగ్రెస్‌లో కలిసిపోయింది కాబట్టి దాన్ని గోడ దూకడం అనలేం, బస్సే రూటు మార్చింది, ఈయన సీట్లో కూర్చునే ఉన్నారు. మరుసటి ఏడాది కిరణ్‌కుమార్‌రెడ్డి దగ్గర మంత్రి కూడా అయ్యారు. రాష్ట్రం విడిపోయాక ఇక్కడ కాంగ్రెస్ గతి తెలిసిందే, 2014కి మళ్ళీ సైకిలెక్కి భీమిలిలో గెలిచి చంద్రబాబు దగ్గర విద్యాశాఖ చూశారు. 2019లో విశాఖ ఉత్తరం, అదీ రెండు వేల లోపు మెజారిటీతో. 2024లో మళ్ళీ భీమిలి.

అందరూ కండువాల గురించి మాట్లాడతారు గానీ ఓనరుకి తలనొప్పి రంగుతో కాదు, నియోజకవర్గం పేరుతో. ఎన్నికకో ఊరు. 2024లో అయితే మొదట చీపురుపల్లి వెళ్ళమన్నారు, ఆయన ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో గుర్తూ ఫోటోలూ అన్నీ రెడీ, ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలి కూర్చున్నామన్నాడు. నాకైతే అసలు తెలివి అక్కడే ఉందనిపిస్తుంది. పార్టీ మారినవాణ్ణి జనం తిడతారు గానీ ఓడించాలంటే పాత మనిషి అయి ఉండాలి, ఈయన ఎక్కడా పాతబడేదాకా ఆగలేదు.

పక్కనే అవంతి శ్రీనివాస్ ఫోల్డర్. 2009లో రైలింజను మీద భీమిలి, తర్వాత కాంగ్రెస్, 2014లో సైకిల్ మీద అనకాపల్లి ఎంపీ, అంతవరకూ ఇద్దరిదీ ఒకే దారి. 2019లో ఈయన ఫ్యాను కిందికి వెళ్ళి భీమిలిలో గెలిచి మంత్రయ్యారు. 2024లో అదే భీమిలిలో పాత నేస్తాలిద్దరూ ఎదురెదురు నిలబడితే గంటాకి 92,401 మెజారిటీ. అదే ఏడాది డిసెంబరులో అవంతి ఫ్యానుకీ దండం పెట్టేశారు. ఆ కొణతాల కూడా 2024లో జనసేన నుంచి అనకాపల్లిలో గెలిచారు, అంటే ఒకప్పుడు పోటీ పడ్డ గంటా, కొణతాల ఇద్దరూ ఇప్పుడు ఒకే కూటమి. ఒకే బ్యానర్ మీద ఎవరి ఫోటో ఎంత సైజులో పెట్టాలన్నది స్కేలుతో కొలిచి చూసుకోవాల్సి వస్తుందట.

ఇక మా బ్యానర్. రంగులు బాగా వచ్చాయి, అను ఫాంట్స్‌లో ఒత్తులు కూడా ఎక్కడా ఎగిరిపోలేదు. కానీ మా నాన్నది పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే ఇచ్చాం, మెడ కింద తెల్ల చొక్కా బాడీ ఏదో వెతికి తగిలించాడు. ఫంక్షన్ హాల్లో కట్టాక చూస్తే ఎడమ భుజం మీద సన్నగా పసుపు అంచు. నాన్న ఇందిరమ్మ కాలం నుంచీ చెయ్యి తప్ప వేరే గుర్తుకి ఓటేసిన మనిషి కాదు. దాని ముందు నిలబడి ఫోటో దిగనని మొండికేశారు. షాపుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, అందుకే ఒక స్టారు కట్. పూలదండ వేసి కప్పేద్దామంటే బతికున్న మనిషి ఫోటోకి దండేంటని అమ్మ కేకలేసింది. చివరికి మామిడాకుల తోరణం ఒక పక్కకి కిందికి దించి కట్టాం. ఆకుపచ్చ రంగైతే పర్లేదు, మా జెండాలో ఉన్నదేగా అని అప్పుడు వచ్చి నిలబడ్డారు.