18.06 మూడుసార్లు చూశాక

మొదటిసారి ఈ లీనియర్ ఆల్జీబ్రా వీడియో కోర్సు మొత్తం చూసి నేను నేర్చుకున్నది దాదాపు సున్నా. తప్పు కోర్సుది కాదు, నాదే. 2019లో దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీకి వెళ్లేవాణ్ని. పోతూ ఒక పాఠం, వస్తూ ఒక పాఠం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒక చేత్తో పైన హ్యాండిల్, ఇంకో చేతిలో ఫోన్. ఇంట్లో వాళ్లు సీరియల్ చూసినట్టే చూశాను. వీడియోలో ప్రొఫెసర్ చెబుతుంటే అంతా అర్థమవుతున్నట్టే ఉండేది. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే మూడు సమీకరణాలు కూడా తేలేవి కావు.

కోర్సు ఎవరిదో చెప్పలేదు కదా. అమెరికాలోని ఎం.ఐ.టి.లో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారు చెప్పిన రేఖీయ బీజగణితం, అదే లీనియర్ ఆల్జీబ్రా. అక్కడ దాని నంబరు 18.06, చాలామంది ఆ నంబరుతోనే పిలుస్తారు. మొత్తం 34 పాఠాలు, ఒక్కోటి ముప్పావు గంట అటూ ఇటూ. 1999లో తరగతి గదిలో తీసిన వీడియోలు. బోర్డు, సుద్దముక్క, ఆయన, అంతే. పైసా ఖర్చు లేదు.

నాకు మాత్రికలు (అంకెలను అడ్డ, నిలువు వరుసల్లో పేర్చిన పట్టికలు) కొత్తేమీ కాదు. ఇంటర్ తెలుగు మీడియం. లెక్కల 1ఏ పేపర్లో మాత్రికల నుంచి ఏడు మార్కుల ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి సమీకరణాలు సాధించే క్రేమర్ పద్ధతి, గౌస్ జోర్డాన్ పద్ధతి నిద్రలో లేపి అడిగినా రాసేవాణ్ని. బీటెక్‌లో ఎం-1 అనే లెక్కల పేపర్లో ర్యాంకు, ఎషిలాన్ రూపం, ఐగెన్ విలువలు. మా సారు బోర్డు మీద మోడల్ ప్రాబ్లమ్ చేసేవారు, మేం దాన్నే అంకెలు మార్చి చేసేవాళ్లం. ర్యాంకు కనుక్కోవడం వచ్చు, ర్యాంకంటే ఏమిటో తెలియదు. (తెలుగు పుస్తకంలో దాన్ని కోటి అంటారు. హైదరాబాద్‌లో పాత పుస్తకాల కోసం వెళ్లేదీ కోటికే కాబట్టి ఆ మాట బాగా గుర్తుండిపోయింది, అర్థం మాత్రం తలకెక్కలేదు.)

ఈ కోర్సులో నన్ను పట్టుకున్నది మొదటి పాఠమే. 2x − y = 0, −x + 2y = 3. మనమైతే రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట జవాబు అంటాం. ఆయన కూడా ముందు అదే గీస్తారు. తర్వాత అవే అంకెలను నిలువుగా చూడమంటారు. (2, −1) ఒక బాణం, (−1, 2) ఇంకో బాణం. మొదటిది ఎంత, రెండోది ఎంత కలిపితే (0, 3) చేరతాం? మొదటిది ఒకటి, రెండోది రెండు. ఇంత చిన్న విషయం నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అంటే సమీకరణాలు సాధించడమంటే ఈ నిలువు వరుసలతో ఆ గమ్యానికి చేరగలమా అని అడగడమే. చేరగలిగే చోట్లన్నీ కలిపితే కాలమ్ స్పేస్. అది ఎన్ని దిక్కుల్లో పరుచుకుందో అదే ర్యాంకు. ఏడు మార్కుల కోసం ఎన్నిసార్లు గౌస్ జోర్డాన్ చేశానో, ఒక్కసారి కూడా ఇది తట్టలేదు.

రెండోసారి చూసింది 2020 లాక్‌డౌన్‌లో. ఈసారి పద్ధతి మార్చాను. ఆయన బోర్డు మీద ప్రశ్న రాయగానే వీడియో ఆపేయడం, నేను చేశాకే మళ్లీ నడపడం. ముప్పావు గంట పాఠానికి రెండు గంటలు పట్టేది. రెండు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. ఒక మాత్రికకు నాలుగు ఉపాంతరాళాలు (సబ్‌స్పేస్‌లు, కాలమ్ స్పేస్ వాటిలో ఒకటి) ఉంటాయని చెప్పే పదో పాఠం దగ్గర వారం రోజులు ఆగిపోయాను. మొదటిసారి మెట్రోలో దాన్ని అమీర్‌పేట స్టేషన్ వచ్చేలోపు సగం దాటేశాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

అది ఆఫీసులో ఎప్పుడు పనికొచ్చిందో చెబుతాను. దుకాణాల అమ్మకాలు అంచనా వేసే చిన్న మోడల్ చేస్తున్నాను. వారంలో ఏ రోజైతే ఆ రోజు కాలమ్‌లో 1, మిగతా వాటిలో 0. అలా ఏడు రోజులకు ఏడు కాలమ్‌లు. దాంతోపాటు అన్నీ 1లే ఉన్న ఇంకో కాలమ్, మామూలుగా పెట్టేదే. రన్ చేస్తే ఏడు రోజులకూ తలా కొన్ని కోట్ల ప్లస్, అన్నీ 1ల కాలమ్‌కు దాదాపు అంతే మైనస్. డేటాలో చెత్త ఉందేమోనని ఒకటిన్నర రోజు వెతికాను. టీ తాగుతుంటే తట్టింది: ఏడు రోజుల కాలమ్‌లు కలిపితే వచ్చేది అన్నీ 1ల కాలమే కదా! ఎనిమిది కాలమ్‌లున్నా ర్యాంకు ఏడే. అన్నీ 1ల కాలమ్ అంకెకు ఎంత కలిపి, ఏడు రోజుల అంకెల్లో ఒక్కోదాని నుంచి అంత తీసేసినా జవాబు మారదు, కాబట్టి కంప్యూటర్ దానికి తోచిన అంకె ఇచ్చింది. ఒక కాలమ్ తీసేశాను, అంకెలన్నీ దారికొచ్చాయి. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇది పాత సంగతే. నాకు మాత్రం ఎవరూ చెప్పకుండా నల్ స్పేస్ (కాలమ్‌లను ఏయే పాళ్లలో కలిపితే సున్నా వస్తుందో ఆ పాళ్లన్నీ) కళ్లముందు కనిపించిన మొదటి రోజు అది.

బిందువులకు వీలైనంత దగ్గరగా పోయే గీతను కనుక్కునే కనిష్ఠ వర్గాల పద్ధతికి (లీస్ట్ స్క్వేర్స్) స్ట్రాంగ్ గారు తీసుకునే ఉదాహరణ మూడే బిందువులు: (1,1), (2,2), (3,2). ఒకే గీత మీద పడవు. దగ్గరగా పోయే గీత ఏదంటే, చేరలేని గమ్యం (ఇక్కడ 1, 2, 2) నుంచి కాలమ్ స్పేస్ మీదికి లంబం దించడమే. జవాబు y = 2/3 + t/2 (t అంటే బిందువులోని మొదటి అంకె). నేను లక్షల వరుసలతో చేసేదీ ఇదేనని, మధ్యలో వేరే మాయ ఏమీ లేదని తెలియడం నాకు పెద్ద ధైర్యం.

29వ పాఠం గురించి చెప్పకుండా ఉండలేను. సింగ్యులర్ వాల్యూ డికంపోజిషన్ చెబుతూ ఒక చిన్న మాత్రిక తీసుకుని మూడు మాత్రికల గుణకారంగా విడగొడతారు. చివర్లో ఆ మూడింటినీ గుణించి చూస్తే ఒక వరుసలో గుర్తులు తారుమారయ్యాయి. ఆయన బోర్డు వైపు చూస్తారు, తేలదు, ముందుకు వెళ్లిపోతారు. వీడియోలో అది అలాగే ఉంది. నేను ఆ సాయంత్రమంతా కూర్చుని వెతికాను. మధ్య ముక్కకు రెండు వైపులా ఉండే ఐగెన్ సదిశలకు (మాత్రికతో గుణించినా తమ గీత మీదే ఉండే బాణాలు) ప్లస్, మైనస్ గుర్తులు విడివిడిగా మనిష్టం వచ్చినట్టు పెట్టుకోకూడదు. ఒకవైపు పెట్టాక, రెండో వైపుది దాని నుంచే తేవాలి. ఆయన తప్పులేకుండా చేసి ఉంటే ఈ సంగతి నాకు ఇంత బాగా వచ్చేది కాదు.

ఇక నచ్చనివి. సరళ పరివర్తనలు (లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్లు) 30వ పాఠంలో గానీ రావు. మాత్రిక అంటే ఒక కదలిక, తలాన్ని సాగదీసేదో తిప్పేదో అన్న బొమ్మ నాకు మొదట్లోనే కావాల్సింది. నిరూపణలు తక్కువ, ఉదాహరణ చూపించి నమ్మించే పద్ధతి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ ప్రవేశ పరీక్షకు ఇదొక్కటే నమ్ముకోకండి. పాత కెమెరా కాబట్టి ఫోన్‌లో బోర్డు అక్షరాలు కొన్నిచోట్ల మసకే, ల్యాప్‌టాప్ మేలు. లెక్కలు చేయడం కావాలంటే 18.06ఎస్‌సీ అని ఇంకో రూపం ఉంది, దానిలో లెక్కలు చేసి చూపించే వీడియోలూ ఉన్నాయి. ఇంగ్లిష్ భయం అక్కర్లేదు, ఆయన నిదానంగా, చిన్న మాటల్లో చెబుతారు.

మూడోసారి 2023లో. 1962 నుంచి అక్కడ పాఠాలు చెప్పిన స్ట్రాంగ్ గారు ఆ మే 15న చివరి పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆ వార్త చూసి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి నచ్చినవి మాత్రమే. అప్పుడే మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి, మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఒకరోజు అడిగింది, "మామయ్యా, నిర్ధారకం సున్నా అయితే విలోమం ఉండదని రాయించారు. ఎందుకుండదు?" (నిర్ధారకం అంటే మాత్రిక నుంచి లెక్కగట్టే ఒక అంకె, డిటర్మినెంట్. విలోమం అంటే మాత్రిక చేసినదాన్ని వెనక్కి తిప్పేది, ఇన్వర్స్.)

అదే (2, −1), (−1, 2) గీశాను. రెండు బాణాల మధ్య సమాంతర చతుర్భుజం, వైశాల్యం 3, నిర్ధారకమూ 3. తర్వాత రెండో బాణాన్ని మెల్లగా మొదటి దాని గీత మీదికి తిప్పుకుంటూ వచ్చాను. వైశాల్యం సన్నబడుతూ సున్నా అయింది. "ఇప్పుడు అంతా గీతలోకి నలిగిపోయింది. ఎక్కణ్నించి వచ్చిందో వెనక్కి ఎలా చెబుతావు?" అన్నాను. కాసేపు చూసి తనే ఇంకో బొమ్మ గీసుకుంది.

"పరీక్షలో ఈ బొమ్మ వేస్తే ఏడు మార్కులూ వేస్తారా మామయ్యా?"

వేయరు, క్రేమర్ పద్ధతిలోనే రాయి అన్నాను.