అచ్యుతాపురం సెజ్ గేటు దగ్గరి పిన్ని మెస్

అచ్యుతాపురం సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే ఫ్యాక్టరీల కోసం కేటాయించిన ప్రాంతం) కొత్తగా చేరి, షిఫ్టు అయ్యాక వండుకునే ఓపిక లేని అమ్మాయిల కోసం రాస్తున్నాను. గేటుకి వెళ్ళే రోడ్డులో రేకుల షెడ్డు, బోర్డు లేదు, అందరూ పిన్ని మెస్ అంటారు. మూడేళ్ళుగా అక్కడే తింటున్నాను.

భోజనం 80 రూపాయలు. చారు చాలా బాగుంటుంది. పూడిమడక నుంచి నెత్తళ్ళు వచ్చిన రోజు వంకాయ వేసి పులుసు పెడుతుంది, రెండో షిఫ్టు వాళ్ళకి మిగలదు కాబట్టి పొద్దున్నే చెప్పి ఉంచుకోండి. ఒడిశా కుర్రాళ్ళ కోసం మొదలుపెట్టిన చపాతీ మాత్రం గట్టిగా ఉంటుంది. చేతులు కడిగే చోట ఎప్పుడూ బురదే, రెండుసార్లు చెప్పినా బాగుచేయలేదు.

పిన్ని వాళ్ళ జీడితోట సెజ్‌లో పోయింది. డబ్బులొచ్చాయి, ఇల్లు కట్టారు, ఉద్యోగం మాత్రం రాలేదు. బట్టల కంపెనీకి మిషను మీద చెయ్యి చురుగ్గా ఆడే ఈడు పిల్లలు కావాలి, ఫార్మా వాళ్ళు బీఎస్సీ కెమిస్ట్రీయో ఐటీఐయో అడుగుతారు, మరి తోటలో గింజలేరుకున్న మనిషికి లోపల ఏముంటుంది? ఊడ్చే పని, అదీ కాంట్రాక్టరు కింద. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన రాష్ట్రంలో చట్టం చేశారు, దానివల్ల పిన్నికి ఒరిగిందేమీ లేదు.

సెజ్ వద్దని నేను అనను. నాకు పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి, నా జీతంతోనే చెల్లి డిగ్రీ చదువుతోంది, ఇది లేకపోతే నేనూ కూలికే వెళ్ళేదాన్ని. కానీ ఈ షెడ్డులో కూరలు తరిగే ఐదుగురు ఆడవాళ్ళూ భూములు పోయిన ఇళ్ళవాళ్ళే, వాళ్ళకి పీఎఫ్ లేదు, సెలవుల్లేవు, వాళ్ళ కూలి మాత్రం మా ఫ్యాక్టరీ పని మీదే ఆధారపడి ఉంది. ఆమధ్య ఆర్డర్లు తగ్గి మాకు ఓవర్‌టైమ్ ఆపేస్తే, మూడో రోజుకే పిన్ని పెద్ద డేగిసా పక్కన బోర్లించి చిన్నది పొయ్యి మీద పెట్టింది, ఒకామెను వారం పాటు రావద్దంది. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేక గిన్నెలు సర్దుతూ చెప్పింది. మాకు జీతంలో కోత పడింది, ఆ అక్కకి పనే పోయింది.

అందుకే వీలైతే నెల డబ్బులు ముందే కట్టేయండి. అలా కట్టేవాళ్ళు ఓ ముప్పైమంది ఉంటే ఎవర్నీ మానిపించక్కర్లేదు అంటుంది పిన్ని. ఆదివారం మెస్ మధ్యాహ్నం వరకే తీసి ఉంటుంది.