మూసారాంబాగ్ మరిచిన ఫ్రెంచి పేర్ల క్లాసు: 3 స్టార్లు

వారానికి రెండుసార్లు నల్గొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో తిరిగేవాణ్ని, పాటలు విని విని బోర్ కొట్టి 399 పెట్టి ఈ ఆడియో క్లాసులు కొన్నా. ఫ్రెంచి నుంచి వచ్చిన ఊరి పేర్లు, ఇంటిపేర్ల మీద మొత్తం ఆరు. మొదటి రెండూ వింటుంటే చిట్యాల ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు.

మా అక్క కొడుకు డెట్రాయిట్‌లో ఉంటాడు. ఇన్నేళ్లుగా రోజూ ఫోన్లో అంటున్న ఆ మాటకు అర్థం ఇరుకైన నీటి దారి అట, ఈరీ సరస్సులో కలిసే నది ఒడ్డున 1701లో ఫ్రెంచివాళ్లు కోట కట్టుకున్న చోటు అది. అమెరికాలోనే ఉన్న బేటన్ రూజ్ అనే ఊరి పేరుకు అర్థం ఎర్ర కర్ర. అక్కడి వెర్మాంట్ రాష్ట్రం పచ్చకొండ, మనది నల్లకొండ, రంగొక్కటే తేడా!

ఇంటిపేర్ల ఆడియో మాత్రం అదిరింది. లెఫెవ్ర్ అంటే కమ్మరి (మా బడిలో కమ్మరి ఇంటిపేరోళ్లు ఇద్దరుండేవాళ్లు), బూలాంజె అంటే రొట్టెలు కాల్చేవాడు, డ్యుబ్వా అంటే అడవి దగ్గరివాడు. మా ఇంట్లో స్విచ్‌ల మీద ఉండే లెగ్రాండ్ కూడా ఫ్రెంచి ఇంటిపేరే, పొడుగాయన అని అర్థం. ఎలక్ట్రీషియన్‌కి చెప్తే "అందుకేనా సార్, రేటు కూడా అంత పొడుగు" అన్నాడు.

ఇక తిట్లు. పేరు ముందు 'డ', 'డ్యు' ఉంటే జమీందార్ల వంశమని చెప్పేశారు, అది తప్పు. డ్యుపాఁ అంటే వంతెన దగ్గరివాడు, అంతే. మన దగ్గర ఊరిపేరు ఇంటిపేరైనంత మాత్రాన ఆ ఊరంతా వాళ్లదైపోతుందా? పైగా రాసేదొకటి పలికేదొకటి అయిన భాషకు స్పెల్లింగులతో ఒక్క పీడీఎఫ్ కూడా ఇవ్వలేదు, లెఫెవ్ర్‌లో ఎవరూ పలకని 'బి' ఒకటి దాక్కుని ఉంటుందని నాకు వేరేచోట తెలిసింది.

అన్నిటికన్నా బాధ, ఇండియా గురించి ఒక ఆడియో మొత్తం పెట్టి మూసారాంబాగ్ ఊసే ఎత్తలేదు. మా బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే వచ్చేది అదే కదా. నిజాం దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు, 1798లో పోయాడు, ఆయన్ని జనం మూసా రహీం అనీ మూసా రాం అనీ పిలుచుకున్నారు, ఆ రామే ఈ బాగ్‌లో ఉన్నది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించిందీ ఆయనే.

ఇదంతా మెసేజ్ పెడితే, జర్మన్ పేర్ల క్లాసుకు డిస్కౌంట్ కూపన్ పంపారు.