ఎం.డి.ఏ. పరీక్షా, కెటలేజ్ పరీక్షా?

తిరుపతిలో జువాలజీ ప్రాజెక్టుకు పులికాట్ ఆల్చిప్పలు ఎంచుకుని, వాటి కణాలపై ఒత్తిడిని కొలవాలనుకునేవాళ్లను వేధించే సందేహమిది. నీరు వేడెక్కి ఉప్పు పెరిగితే కణాల్లోని మైటోకాండ్రియా నుంచి సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఎక్కువగా వెలువడుతుంది. దాన్నుంచి పుట్టే రాడికల్స్ (ఇట్టే చర్య జరిపే కణికలు) కణపొరల్లోని కొవ్వును చెడగొడతాయి.

ఎం.డి.ఏ. (మాలన్‌డైఆల్డిహైడ్, కొవ్వు చెడితే మిగిలే పదార్థం): జరిగిన నష్టాన్ని చూపుతుంది. ఖర్చు తక్కువ, టి.బి.ఏ. (థయోబార్బిట్యూరిక్ ఆమ్లం) కలిపితే వచ్చే గులాబీ రంగును 532 నానోమీటర్ల దగ్గర చదివితే చాలు. నమూనాలోని చక్కెరలూ రంగునిస్తాయి, జాగ్రత్త.

కెటలేజ్ (సూపర్ఆక్సైడ్ నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్): కణం చేస్తున్న ఎదురుపోరాటాన్ని చూపుతుంది. 240 నానోమీటర్ల దగ్గర చదవాలి, క్వార్ట్జ్ క్యూవెట్ (నమూనా పోసే చిన్న పాత్ర) కావాలి. ఐస్ రెండిటికీ అవసరమే, ఎంజైమ్‌కు మరీను. పైగా ఒత్తిడి మొదట్లో ఇది పెరగొచ్చు, ముదిరితే పడిపోవచ్చు. ఒక్కసారి కొలిస్తే ఏ దశో తెలియదు. అసలు చిక్కంతా ఇక్కడే అని నా అభిప్రాయం.

నమూనాలు ఒక్కసారే తేగలిగితే ఎం.డి.ఏ. ట్యాంకులో పెంచుతూ రోజుల తరబడి కొలవగలిగితే కెటలేజ్, తోడుగా ఎం.డి.ఏ.