మాస్టోడాన్‌లో మూడేళ్ళు: షట్టర్ దించాక రాసిన రివ్యూ

కాకినాడ జగన్నాథపురంలో మాది చిన్న మందుల షాపు. రాత్రి తొమ్మిదీ ముప్పావుకి షట్టర్ దించుతాను. భోజనమయ్యాక పది నుంచి పదిన్నర దాకా ఫోను నా సొంతం. ఆ అరగంటలో చెయ్యి దానంతటదే ఏ యాప్ మీదికి పోతుందో అదే మనకు నచ్చిన యాప్ అనుకుంటే, 2022 నవంబరు నుంచి నాకది మాస్టోడాన్, ట్విట్టర్ లాంటి చోటు. మధ్యలో ఆ కోవదే ఇంకోటి, బ్లూస్కైకి కూడా వెళ్ళొచ్చాను. దాని సంగతీ చివర్లో చెప్తాను.

ఎందుకెళ్ళానంటే, అందరూ వెళ్తున్నారని. 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ ట్విట్టర్ కొన్నాడు. ఆ తర్వాత నెలంతా ఎక్కడ చూసినా ఇక మూటాముల్లె సర్దుకోవడమే అన్న మాట. నాకు మస్క్‌తో పేచీ ఏమీ లేదు. ఆదివారం తెల్లారుజామునే కోరంగి మడ అడవుల వైపు వెళ్ళి పిట్టల ఫొటోలు తీయడం నా పిచ్చి. వాటిని చూసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారేమోనని నేనూ ఆ గుంపు వెనకే నడిచాను.

తెలియనివాళ్ళ కోసం: జర్మనీలో ఆయిగెన్ రోచ్కో అనే కుర్రవాడు 2016లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఒక్క కంపెనీ, ఒక్క గోదాము ఉండదు. వేలకొద్దీ చిన్న సర్వర్లు, ఒక్కోటీ ఒక్కొక్కరు నడుపుతారు. జీమెయిల్ ఉన్నవాడు యాహూ ఉన్నవాడికి మెయిల్ పంపినట్టు, ఏ సర్వర్లో ఉన్నా అందరితో మాట్లాడుకోవచ్చు. ప్రకటనలు లేవు. మీరు ఫాలో అయినవాళ్ళు రాసింది రాసిన వరసలో వస్తుంది. మీకిది నచ్చుతుందిలే అని మధ్యలో ఎవరూ వడ్డించరు.

చేరేటప్పుడే మొదటి ముల్లు. సర్వర్ ఎంచుకోమంటుంది. మా మేనల్లుడు సరిగ్గా అక్కడే ఆగిపోయాడు. "మావయ్యా, ఇది బ్యాంకులో ఖాతాకి వెళ్తే బ్రాంచి నువ్వే కట్టుకో అన్నట్టుంది" అని ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ రాలేదు.

ఇలాంటి చోట్లకి జనం ఎలా వస్తారో, ఎలా పోతారో మూడేళ్ళుగా చూస్తున్నాను. మా కోరంగి కాలవల్లో సముద్రపు పోటూ పాటూ లాగే ఉంటుంది. 2019లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ ఆపేస్తే, కోపం వచ్చిన భారతీయులు చాలామంది ఆ నవంబరులో మాస్టోడాన్‌లో చేరారు. కొన్ని వారాలకే చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. 2022 పోటు ఇంకా పెద్దది. ఆ ఏడాది చివరికి నెలకోసారైనా తెరిచేవాళ్ళు దాదాపు 25 లక్షలు. ఆ తర్వాత రెండేళ్ళకి పది లక్షల లోపే. బ్లూస్కైదీ అదే కథ. 2024 ఆగస్టు చివర్లో బ్రెజిల్‌లో ఎక్స్‌ని (ట్విట్టర్ కొత్త పేరు) నిషేధిస్తే లక్షల మంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. నవంబరులో అమెరికా ఎన్నికలయ్యాక ఖాతాలు రెండు కోట్లు దాటాయి. ఖాతాలు ఆ తర్వాతా పెరిగాయి కానీ, 2025 మధ్యకొచ్చేసరికి రోజూ రాసేవాళ్ళు ఆ నవంబరులో ఉన్నవాళ్ళలో సుమారు సగమే.

అంటే ఈ చిన్న చోట్లు పెరిగేది సొంత గొప్పతనం వల్ల కాదండీ. పెద్దింట్లో గొడవైనప్పుడు పక్కింటి అరుగు నిండుతుంది. గొడవ సద్దుమణిగాక అరుగు మీద ఎవరు మిగిలారన్నదే చూడాలి. పిట్టల కోసం వెళ్ళేవాళ్ళకి ఒక సంగతి తెలుసు: నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పిట్టలు కనపడవు. పాటు తీసి బురద బయటపడ్డాకే దిగుతాయి.

పోటులో వచ్చినవాళ్ళకి ఒకే అలవాటు. మొదటి పోస్టు: "హలో, ఇక్కడెవరైనా ఉన్నారా?" రెండోది: పాత చోటు మీద ఫిర్యాదు. మూడోది ఉండదు. 2022లో వెతికి వెతికి 31 మంది తెలుగువాళ్ళని ఫాలో అయ్యాను. ఈమధ్య కూర్చుని లెక్కపెడితే ఇంకా రాస్తున్నది ఐదుగురు. ఆన్‌లైన్ గుంపుల్లో వందకి తొంభై మంది చూసి ఊరుకుంటారని, తొమ్మిది మంది అప్పుడప్పుడూ రాస్తారని, ఎక్కువ రాసేది ఒక్కడేనని వెబ్‌సైట్ల వాడకం మీద నిపుణుడు యాకబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క చెప్పాడు. ఆ లెక్కన మా 31 మందికి రాసేవాడు మూడో వంతు మనిషి. కాబట్టి ఐదుగురంటే బంపర్ పంటే.

ఇంకో చిక్కు మన చేతుల్లోనే ఉంది. మనకి లైక్ కొట్టి వెళ్ళిపోవడం అలవాటు. మాస్టోడాన్‌లో నక్షత్రం నొక్కితే రాసినవాడికి తెలుస్తుంది, అంతే. ఆ పోస్టు ఇంకొకరికి చేరాలంటే బూస్ట్ నొక్కాలి. ఈ తేడా తెలియక మనవాళ్ళు ఒకరికొకరు నక్షత్రాలు పంచుకుని, ఎవరికీ కనపడకుండా మాయమైపోయారు. వెతుకులాట కూడా మొహమాటంగా ఉంటుంది. రాసినవాళ్ళు సెట్టింగుల్లో ఒప్పుకుంటేనే వాళ్ళ మాటలు వెతుకులో దొరుకుతాయి. లేదంటే హ్యాష్‌ట్యాగే దిక్కు.

తెలుగు రాసేవాళ్ళకి మాత్రం ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకి 280 అక్షరాలంటారు కానీ అక్కడ గుడికీ దీర్ఘానికీ కూడా విడిగా లెక్క. "కిరాణా" అని రాస్తే మనకి మూడక్షరాలు, దానికి ఆరు. బ్లూస్కై గుణింతాన్ని ఒకే అక్షరంగా లెక్కపెడుతుంది. బ్లూస్కైలో 300, మాస్టోడాన్‌లో మామూలుగా 500. మాస్టోడాన్‌లో నేనొక పిట్ట గురించి పూర్తిగా రాసి, ఆ రోజు పడవ కుర్రాడు చెప్పిన కబురు కూడా చేర్చగలుగుతున్నాను.

ఇక నన్ను కట్టిపడేసినది. చేరిన రెండో వారం ఒక ఉల్లంకి పిట్ట ఫొటో పెట్టాను. బురదలో తోక ఊపుకుంటూ తిరిగే చిన్న పిట్ట, మనకి చలికాలపు చుట్టం. అప్పటికి నాకున్నది పదకొండు మంది ఫాలోవర్లు. ఫిన్లాండ్ నుంచి ఒకావిడ జవాబు రాశారు, ఈ జాతి వేసవిలో వాళ్ళ ఊరి సరస్సు ఒడ్డున గుడ్లు పెడుతుందని. కిందే ఇంకెవరో మర్యాదగా, ఫొటోలో ఏముందో మాటల్లో కూడా రాయండి, ఇక్కడ చూపు లేనివాళ్ళం చాలామందిమి ఉన్నాం అన్నారు. చివరి మాట దగ్గర ఆగిపోయాను.

మా షాపుకి ఒక సంగీతం మాస్టారు వస్తారు. చూపు లేదు. ఆయన బీపీ మాత్రల అట్టకి ఒక మూల కత్తిరిస్తాను, రాత్రి వేసుకునే మాత్రల అట్టకి రెండు మూలలు. తడిమి చూసుకుని వేసుకుంటారు. పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నవాణ్ణి, ఫొటో దగ్గర ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో! మాస్టోడాన్‌లో ఫొటో కింద వివరణకి 1,500 అక్షరాల చోటుంది. ఆ రోజు నుంచి రాయకుండా ఒక్క ఫొటో పెట్టలేదు. ఒకసారి షాపులో ఖాళీగా ఉన్నప్పుడు లకుముకి పిట్ట గురించి రాసింది మాస్టారికి చదివి వినిపించాను. "ముక్కు రంగు చెప్పావు గానీ కూత చెప్పలేదే" అన్నారు. ఇప్పుడు కూత కూడా రాస్తున్నాను.

మనకి చలికాలం రాత్రి పదంటే జర్మనీలో సాయంత్రం ఐదున్నర. అక్కడివాళ్ళు ఆఫీసుల నుంచి బయటపడే వేళ, కాబట్టి జవాబులు అప్పటికప్పుడే వస్తాయి. భాష ఇబ్బంది మాత్రం ఉంది. తెలుగులో రాసి కింద రెండు ముక్కలు ఇంగ్లీషు పెడుతున్నాను.

దెబ్బ కూడా తగిలింది. నేను మొదట చేరిన సర్వర్‌ని ఒక్కడే మనిషి ఉద్యోగం చేసుకుంటూ నడిపేవాడు. ఖర్చు, అర్ధరాత్రి ఫిర్యాదులు భరించలేక మూడు వారాల గడువిచ్చి కట్టేశాడు. కొత్త సర్వర్‌కి మారితే ఫాలోవర్లు వెంట వచ్చారు. పోస్టులు రావు, ఈ సాఫ్ట్‌వేర్ తీరే అంత. ఏడాదిన్నర పిట్టలన్నీ ఇప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో ఒక జిప్ ఫైలు. చేరదామనుకునేవాళ్ళకి నా సలహా: సర్వర్ పేరు కంటే ముందు దాన్ని ఎంతమంది నడుపుతున్నారో, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళ పరిచయం పేజీలో చదవండి. చందా అడిగితే నెలకో కాఫీ డబ్బులు ఇవ్వండి.

అలాగని డబ్బున్న కంపెనీలు నిలబడతాయనీ లేదు. బెంగళూరు నుంచి 2020లో వచ్చిన కూ యాప్ గుర్తుంది కదా, పసుపు పిట్ట. తెలుగుతో సహా మన భాషలకి పెద్దపీట వేసింది, కేంద్ర మంత్రులు చేరారు, పెట్టుబడులు వచ్చాయి. మా బావమరిది అందులో రోజూ ఉదయం ఒక పద్యం పెట్టేవాడు. 2024 జులైలో మూతపడింది. పద్యాలు మళ్ళీ కుటుంబం వాట్సాప్ గ్రూపుకి వచ్చాయి. మేమంతా మ్యూట్‌లో పెట్టుకున్నాం.

బ్లూస్కై సంగతి రెండు మాటల్లో. చేరడం తేలిక, చూడ్డానికి పాత ట్విట్టర్ లాగే ఉంటుంది. ఎవరికి కావాల్సిన ఫీడ్ వాళ్ళు తయారుచేసుకోవచ్చు. పక్షుల ఫీడ్ ఒకటి బాగుంది. కానీ నేను వెళ్ళినప్పుడు ముప్పాతిక మాటలు అమెరికా రాజకీయాలే. నాకెందుకని వచ్చేశాను.

మార్కులు: మాస్టోడాన్‌కి ఐదుకి మూడున్నర. తెలుగువాళ్ళు లేనందుకు ఒకటి, పోస్టులు వెంట రానందుకు అర కోసేశాను. బ్లూస్కైకి మూడు. సినిమా కబుర్లు, ఊరి వార్తలు, చుట్టాలు కావాలనుకునేవాళ్ళు రెండు చోట్లకీ రాకండి, నిజంగా విసుగొస్తుంది. పిట్టలో మొక్కలో పాత రేడియోలో, ఏదో ఒక పిచ్చి ఉన్నవాళ్ళయితే రండి. మూడో పోస్టు దాకా ఉండండి, నక్షత్రంతో సరిపెట్టకుండా బూస్ట్ నొక్కండి.

ఇవాళ ఇంకా ఏమీ పెట్టలేదు. తిల్ల చెట్టు మీద కూర్చున్న నీటికాకి ఫొటో ఒకటుంది, రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దాని కూత ఎలా రాయాలో తెలియడం లేదు. రేపు మాస్టారు మాత్రలకి వస్తారు, అడగాలి.