బగ్గీకి మారుతి 800 ఇంజిన్: కొన్నేళ్లు తోటలో తిప్పాక నా రివ్యూ

ఇంట్లో చేసుకున్న చిన్న బండికి ఇంజిన్ మారుద్దాం అనగానే అందరూ ఎన్ని సీసీ, ఎంత పవర్ అనే అడుగుతారు, నన్నడిగితే ముందు గేర్‌బాక్స్ చూడండి. మాది జంగారెడ్డిగూడెం వైపు ఆయిల్ పామ్ తోట, పైపులు వెల్డింగ్ చేయించి కట్టుకున్న రెండు సీట్ల బగ్గీ, మొదట్లో దానికి 220 సీసీ బైక్ ఇంజిన్, చైన్ ఉండేవి. పవర్ పర్లేదు గానీ రివర్స్ లేదు, మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు స్పీడుతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, వెనక గెలలేసుకుని మలుపు తిప్పితే రెండు చక్రాలూ ఒకే స్పీడుతో తిరిగి బండి తిన్నగా పోతానని మొండికేసేది, పైగా ఆ బరువుకి బైక్ క్లచ్ ఎన్నాళ్లని ఆగుతుంది.

అందుకే రివర్స్, డిఫరెన్షియల్ రెండూ గేర్‌బాక్స్‌లోనే ఉన్న మారుతి 800 కార్బొరేటర్ మోడల్ ఇంజిన్ పెట్టాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 బీహెచ్‌పీ అటూ ఇటూ, 650 కిలోల కారుని నలుగురితో లాగిన ఇంజిన్ కాబట్టి మన బగ్గీ దానికి లెక్కే కాదు. టాటా నానోది కూడా చూశా, 624 సీసీ, పుట్టడమే వెనక పెట్టే ఇంజిన్‌గా పుట్టింది, కుదరడానికి అదే బాగా కుదురుతుంది. కానీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్ అన్నీ ఉండాలి, తోట మధ్యలో ఆగితే స్కానర్ ఉన్నోడు రావాలి. 800 కార్బ్‌ది అయితే ప్లగ్గుకి కరెంట్ వస్తోందా, పెట్రోల్ వస్తోందా, అంతే చూసుకోవడం, పెట్రోల్ పంపు కూడా ఇంజినే నడుపుకుంటుంది. కార్బొరేటర్ బదులు ఈసీయూతో నడిచే ఎంపీఎఫ్ఐ 800 దొరికిందంటే మాత్రం ఈసీయూ, తాళం, వైరింగ్ మూడూ ఒకే బండివి అయితేనే కొనండి, తర్వాతి మోడళ్లలో ఇమ్మొబిలైజర్ ఉంటుంది, తాళం కలవకపోతే స్టార్టే అవ్వదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒట్టి ఇంజిన్ చవగ్గానే ఇస్తారు, దానికి టెంప్ట్ అవ్వకండి. గేర్‌బాక్స్, యాక్సిల్స్, చక్రాలు బిగించే హబ్బులు, రేడియేటర్, గేర్ రాడ్ అన్నీ ఒకే కారువి కావాలని అడగండి, విడివిడిగా కొంటూ పోతే ఇంకో బండి ఖర్చవుతుంది. మూడు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉందో లేదో చూడండి, బిల్లు, పాత ఆర్సీ కాపీ లేనిదే కదలొద్దు.

ఫిట్టింగ్‌లో కారు ముందు భాగం యథాతథంగా బగ్గీ వెనక్కి వస్తుంది అనుకోండి, స్టీరింగ్‌కి చక్రాల్ని తిప్పే టై రాడ్లని ఆ చక్రాలు పక్కలకి తిరగకుండా ఛాసిస్‌కి బిగించేస్తే చాలు. ఇంజిన్‌ని మాత్రం వెనక్కి తిప్పి పెట్టకండి, అప్పుడు నాలుగు రివర్స్ గేర్లు, ఒక ఫార్వర్డ్ గేరు వస్తాయి (నవ్వకండి, మా వెల్డర్ అలాగే పెడదామన్నాడు). కారులో గేర్ రాడ్ వెనక్కి వస్తుంది కదా, మనకి ముందుకి రావాలి, లేత్ వర్క్‌లో సగం దీనికే పోయింది, ఇప్పటికీ సెకండ్ గేరు కాస్త వెతుక్కోవాలి. ఇంకోటి, 800కి హ్యాండ్ బ్రేక్ వెనక డ్రమ్ముల్లో ఉంటుంది, మనం ముందు హబ్బుల్ని వెనక పెట్టాం, ముందు స్టీరింగ్ కోసం మళ్లీ ముందు హబ్బులే వాడాం, అంటే హ్యాండ్ బ్రేకే లేదు. గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెడుతున్నా, వాలులో ఆపేవాళ్లు వేరే ఏర్పాటు చేసుకోవాల్సిందే.

నడక సంగతికొస్తే, ఫస్ట్ గేర్లో బురదలో యాక్సిలరేటర్ మీద పెద్దగా కాలు వెయ్యక్కర్లేదు, నిదానంగా లాగేస్తుంది. రేడియేటర్ ముందు పెట్టి పొడుగు గొట్టాలు వేశాం, గాలి పూర్తిగా తియ్యకపోతే ఎండాకాలం నెమ్మదిగా తిరిగేటప్పుడు వేడెక్కిపోతుంది, ఫ్యాన్‌కి విడిగా స్విచ్ పెట్టాక ఆ గొడవ తగ్గింది. ఎర్రమట్టి దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది, ఇంజిన్ పక్కనే ఉంటే కార్బ్ నిండా మట్టే. ఐడిల్లో వైబ్రేషన్ బాగా తెలుస్తుంది, మూడు సిలిండర్లు, నెత్తిన టాపు లేదు, వీపు వెనకే సౌండు, మా అమ్మాయైతే చెవుల్లో దూది పెట్టుకుని ఎక్కుతుంది.

రోడ్డు మీదకి తీసుకెళ్దాం అనుకునేవాళ్లకి ఈ ఇంజినే కాదు ఏదీ పనికిరాదు. ఉన్న కారునే ఆర్సీకి తేడాగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తోంది, మన బండికైతే అసలు ఆర్సీయే లేదు. తోట గేటు దాటించను.

800 తయారీ 2014లోనే ఆగిపోయినా స్పేర్లకి ఇబ్బంది రాలేదు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు మా ఊరి షాపులోనే దొరికాయి. బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలే, అది పాత రబ్బరుని పాడుచేస్తుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు, పెట్రోల్ పంపు లోపలి పొర (డయాఫ్రమ్) మాత్రం ఇంజిన్ ఎక్కించేముందే కొత్తవి వేయించండి, ఎక్కించాక చెయ్యి దూరదు అక్కడ.