17 అంగుళాల సీఆర్టీ, పాత గేములు: ఎక్కడ ఎంత రిఫ్రెష్ రేటు

వాడకంలో ఉన్న సెటప్: పెంటియం 3, జీఫోర్స్2 ఎంఎక్స్ గ్రాఫిక్స్ కార్డు, 17 అంగుళాల సీఆర్టీ (పాతకాలపు గాజు ట్యూబు మానిటర్; హారిజాంటల్ పరిధి 30–70 కిలోహెర్ట్జ్). ఒకే డిస్కులో విండోస్ 98 ఎస్‌ఈ, ఎక్స్‌పీ. ఏళ్ల తరబడి వాడాక తేలింది ఒకటే: విండోస్ గేములకు రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు బొమ్మ గీస్తుందో ఆ లెక్క) 85 హెర్ట్జ్ పెట్టి వదిలేయండి, డాస్ గేముల రేటు జోలికి పోకండి.

మాన్యువల్లో గరిష్ఠం 160 హెర్ట్జ్ అని ఉన్నా మురిసిపోనక్కర్లేదు. ట్యూబును నిజంగా కట్టిపడేసేది హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు గీసే అడ్డగీతల సంఖ్య. లెక్క సులువు: నిలువు పిక్సెళ్లు × 1.05 × రిఫ్రెష్ రేటు. 1024×768 దగ్గర 85 హెర్ట్జ్‌కు 68.5 కిలోహెర్ట్జ్ అవుతుంది, 70లోపు కాబట్టి సరిపోతుంది. అక్కడే 100 అడిగితే 80 దాటి ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అంటుంది. 100 కావాలంటే 800×600కి దిగాలి. 1280×1024 అయితే 60 దగ్గరే 64 కిలోహెర్ట్జ్ తినేస్తుంది, కళ్లు లాగేస్తాయి. ఈ సైజు ట్యూబుకు అది దండగ.

98లో మార్చే చోటు: డిస్‌ప్లే ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, అడాప్టర్ ట్యాబ్. ఎక్స్‌పీలో ఇదే మానిటర్ ట్యాబ్‌లో ఉంటుంది. జాబితాలో ‘అడాప్టర్ డిఫాల్ట్’, ‘ఆప్టిమల్’ తప్ప అంకెలేమీ కనబడకపోతే విండోస్ మానిటర్‌ను గుర్తుపట్టలేదన్నమాట. ముందు కేబుల్ చూడండి. మానిటర్ వివరాలు వీజీఏ ప్లగ్‌లోని 12, 15 పిన్నుల మీదుగా వస్తాయి. చవక ఎక్స్‌టెన్షన్ కేబుళ్లలో ఆ తీగలే ఉండవు. కేబుల్ బాగుంటే మానిటర్ ఐఎన్ఎఫ్ ఫైలు (దాని వివరాలు విండోస్‌కు చెప్పే డ్రైవర్ ఫైలు) వేసుకోవాలి. 98లో తెర నల్లబడి ఇరుక్కుపోతే, బూట్ అవుతుండగా ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తగ్గించవచ్చు.

చిరాకంతా ఎక్స్‌పీతోనే. డెస్క్‌టాప్ 85లో ఉన్నా, ఫుల్‌స్క్రీన్ గేము తెరవగానే 60కి పడిపోతుంది. నెట్ సెంటర్లలో కౌంటర్-స్ట్రైక్ ఆడినవాళ్లకు ఆ మిణుకు పరిచయమే. డీఎక్స్‌డయాగ్ (విండోస్‌లోని డైరెక్ట్ఎక్స్ పరీక్షా టూల్)లో ‘మోర్ హెల్ప్’ కింద ఓవర్‌రైడ్ ఉంది కానీ డైరెక్ట్ఎక్స్‌కు బదులు ఓపెన్‌జీఎల్ వాడే గేములను అది పట్టించుకోదు. పైగా ఒకే అంకెను అన్ని రిజల్యూషన్లకూ రుద్దుతుంది. 85 పెట్టి గేములో 1280×1024 ఎంచుకుంటే 91 కిలోహెర్ట్జ్ అడుగుతుంది, తెర పోతుంది. ఎన్విడియా డ్రైవర్‌లోని ‘రిఫ్రెష్ రేట్ ఓవర్‌రైడ్స్’ రిజల్యూషన్‌కు ఒకటి చొప్పున తీసుకుంటుంది, అదే మేలు. కౌంటర్-స్ట్రైక్ 1.6 షార్ట్‌కట్ చివర ‘-freq 85’ చేర్చినా చాలు.

వీసింక్ (ఫ్రేములను తెర రిఫ్రెష్‌తో జతచేసి పంపే సెట్టింగ్) వేసేవాళ్లకో మాట. కార్డు 85 ఫ్రేములు ఇవ్వలేకపోతే వేగం నేరుగా 42.5కి, తర్వాత 28.3కి జారుతుంది. బరువైన గేములకు 75 పెడితే మెట్టు 37.5, అందుకోవడం తేలిక.

డాస్‌లో 320×200 మోడ్ 70 హెర్ట్జ్‌లోనే నడుస్తుంది. డూమ్ వేగం సెకనుకు 35 ఫ్రేములు, సరిగ్గా అందులో సగం. అందుకే సీఆర్టీపై స్క్రోలింగ్ నూనె పూసినట్టు సాగుతుంది. 60 హెర్ట్జ్ ఎల్సీడీ సెకనుకు పది రిఫ్రెష్‌లు మింగేసి కుదుపు తెస్తుంది. పెద్ద వెసా మోడ్లు (640×480, ఆపై రిజల్యూషన్లు) వాడే డాస్ గేములకు మాత్రం సైటెక్ డిస్‌ప్లే డాక్టర్ అనే ప్రోగ్రామ్‌తో రేటు పెంచుకోవచ్చు.

ఇంకొకటి, మన కరెంటుకు సంబంధించినది. స్టెబిలైజరో యూపీఎస్సో మానిటర్ పక్కనే ఉంటే దాని ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం 60 హెర్ట్జ్ బొమ్మతో తగువు పడుతుంది. తేడా 10 హెర్ట్జ్ కాబట్టి అంచులు వణకడం స్పష్టంగా కనబడుతుంది. 85 పెడితే వణుకు వేగం పెరిగి మసకలా మాత్రమే తెలుస్తుంది, జబ్బు తగ్గినట్టే అనిపిస్తుంది. తగ్గదు. ఆ పెట్టెను ఒక మీటరు దూరం జరిపి, తర్వాత మానిటర్‌లోని డీగాస్ (ట్యూబుకు అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే బటన్) నొక్కండి.